నరసరాజు బోణీ బేరం

నరసరాజుకు ఇద్దరు కూతుళ్ళు, ఒక బాస్కెట్‌బాల్ కోర్టు. ఈ ముగ్గురిలో ఎవరంటే ఎక్కువ ప్రేమ అని అడిగితే ఆయన మీసం సవరించుకుని మాట మార్చేవాడు. భార్య బుల్లెమ్మకు మాత్రం ఈ విషయంలో ఏ అనుమానమూ లేదు. కూతుళ్ళకు జ్వరం వస్తే నన్ను లేపుతారు, కోర్టుకు పగులొస్తే ఆయనే లేస్తారు అని క్వార్టర్ల వరుసలో కనిపించిన వాళ్ళందరికీ చెప్పేది.

వాళ్ళది భీమవరం పక్క పల్లె. కాలేజీలో చేర్పిస్తే పుస్తకాలు వదిలేసి బంతి పట్టుకున్నాడని తండ్రి ఆయన్ను తిట్టి తిట్టి అలిసిపోయి, చివరికి మెషిన్ పని నేర్పించాడు. అరవై ఐదులో, పటాన్‌చెరుకు ఇవతల మోటార్లు, పంపులు తయారుచేసే సర్కారు ఫ్యాక్టరీ పెడుతున్నారని తెలిసి, నరసరాజు రేకు పెట్టె పట్టుకుని దిగాడు. అప్పటికి బొంబాయి రోడ్డుకు అటూ ఇటూ రాళ్ళూ సీతాఫలం చెట్లూ తప్ప ఏమీ లేవు. గోదావరి కాలువల మధ్య పెరిగిన మనిషి ఆ రాళ్ళను చూసి ఏడవాలి. ఈయన మాత్రం నేల గట్టిగా ఉంది, బంతి బాగా లేస్తుంది అని సంబరపడ్డాడు.

ఫ్యాక్టరీ లేచాక, షిఫ్టు దిగిన వాళ్ళను పోగేసి గేటు పక్కనే కోర్టు కట్టించాడు. దానికి వాడింది మిగిలిన సిమెంటు అని ఆయన అంటాడు, మిగిల్చిన సిమెంటు అని స్టోర్సు వాళ్ళు అంటారు. రింగులు తన చేత్తోనే వంచాడు. ఒక రింగు కాస్త పక్కకు వాలి ఉంటుంది. ఆ మాట మాత్రం ఆయన దగ్గర ఎత్తకూడదు.

ఇంత చేస్తే జట్టు గెలవాలి కదా. గెలవలేదు. ప్రతి ఏడూ ఆ కోర్టులో చుట్టుపక్కల ఫ్యాక్టరీల మధ్య పోటీలు పెట్టేవారు. ప్రతి ఏడూ పటాన్‌చెరు బిస్కెట్ ఫ్యాక్టరీ జట్టు వచ్చి వీళ్ళను చితక్కొట్టి పోయేది. దేశానికి మోటార్లు చేసేవాళ్ళు బిస్కెట్లు చేసేవాళ్ళ చేతిలో ఓడిపోవడమేమిటని క్యాంటీన్‌లో అందరూ నవ్వుకునేవారు. పైగా ఆ బిస్కెట్ల వాళ్ళు మహా మర్యాదస్తులు. ఓడించిన ప్రతిసారీ తలా ఒక పొట్లం చేతిలో పెట్టి వెళ్ళేవారు. నరసరాజు కూతుళ్ళు ఆ రోజు కోసం ఏడాదంతా ఎదురుచూసేవారు. ఆయన మాత్రం ఆ పొట్లం ముట్టేవాడు కాదు.

డెబ్భై నాలుగులో అసలు చిక్కు వచ్చింది. ఫ్యాక్టరీలో కార్మికుల మంచిచెడ్డలు చూసే ఆఫీసరు వెంకటరామయ్యగారు మెత్తని మనిషి, కానీ లెక్క తప్పని మనిషి. చిట్కుల్ నుంచి, పటాన్‌చెరు నుంచి సైకిళ్ళ మీద వచ్చే వాళ్ళు పెరిగిపోయారు. సైకిళ్ళు పెట్టే చోటు లేదు. గేటు పక్కనే నున్నగా, చదునుగా, ఎందుకూ పనికిరాకుండా ఒక సిమెంటు నేల ఆయన కంటబడింది. నరసరాజును పిలిచి, ఈసారి బిస్కెట్ల జట్టు మీద గెలిస్తే కోర్టు ఉంటుంది, లేకపోతే దాని మీద రేకులు వేసి సైకిల్ స్టాండ్ చేస్తామని నెమ్మదిగా చెప్పాడు. గెలవడానికి సాయంగా ఆటగాడి కోటాలో ఒక ఉద్యోగం ఖాళీ కూడా చూపించాడు. ఎవరిని తెచ్చుకుంటారో మీ ఇష్టం అన్నాడు.

సికింద్రాబాదులో తాడిచెట్టంత ఆటగాడు ఒకడు ఉద్యోగం మారాలని చూస్తున్నాడు. జట్టంతా అతని పేరే చెప్పింది. నరసరాజు ఒక్కడే వేరే పేరు చెప్పాడు. ఆ పేరు ప్రహ్లాద్.

ప్రహ్లాద్‌ది సంగారెడ్డి. అక్కడి గంజ్ బజారులో బెల్లం, చింతపండు, మిరపకాయలు అమ్మే పాండురంగం సేటు ఒక్కగానొక్క కొడుకు. ఇరవై ఏళ్ళు, గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోయేటంత ఒళ్ళు. ఆటలో అతనిది గార్డు స్థానం. అంటే బంతిని నేలకు కొట్టుకుంటూ ముందుకు తెచ్చి, ఎవరికి అందించాలో చూసి, సందు దొరికితే తనే బుట్టలో వేసేవాడు. సంగారెడ్డి మైదానంలో జరిగిన పోటీల్లో నరసరాజు అతన్ని వరుసగా రెండు రోజులు చూశాడు. మొదటి రోజు ఎటునుంచి విసిరినా పడింది, ఎదుటివాళ్ళు చేతులెత్తేశారు. రెండో రోజు అదే పిల్లవాడు మొదట ఒకసారి విసిరి, అది తప్పాక, ఆట అయిపోయే దాకా మళ్ళీ రింగు వైపు చూడలేదు. బంతి చేతికి రాగానే నిప్పు పట్టుకున్నట్టు పక్కవాడికి ఇచ్చేశాడు. చూస్తున్న జనం నోటికొచ్చింది అన్నారు.

జట్టులో అందరికంటే పొడగరి పెద్దరాములు. పటాన్‌చెరు మనిషి, క్రేన్ దగ్గర పని. అతను కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశాడు.

"ఒకనాడు పులి, ఒకనాడు పిల్లి. మనకు ఏనాడు ఏదొస్తదో ఎవలకెరుక, సార్? గసొంటోని కోసం కోర్టును పణంగ పెడ్తవా?"

నరసరాజు ఒంటికాలి మీద లేచాడు. రింగు కింద నిలబడే పొడగరి మనకు నువ్వున్నావు కదా, నీ దాకా బంతి తెచ్చేవాడే లేడు, ఇంకో పొడగరిని తెస్తే ఇద్దరూ కలిసి ఆకలితో నిలబడతారు అన్నాడు. పిల్లిలా ఆడిన రోజు కూడా ఆ కుర్రాడు వెనక్కి తిరక్కుండానే వెనకున్న వాడికి బంతి అందించాడనీ, ఆ చూపు నేర్పితే వచ్చేది కాదనీ వాదించాడు. చివరికి వెంకటరామయ్యగారు, కోర్టు మీది, పోయినా మీదే అన్నాడు. అది ఒప్పుకున్నట్టో బెదిరించినట్టో తెలియక అందరూ ఊరుకున్నారు. నరసరాజు మటుకు ఒప్పుకున్నట్టే లెక్క వేసుకుని మర్నాడే మొదటి బస్సెక్కాడు.

ఇక్కడ ఆయన చేసిన తప్పు గురించి చెప్పాలి. ఆయన రైతు బిడ్డ. దుకాణం అంటే వెళ్ళడం, కొనడం, రావడం తప్ప, గల్లాపెట్టె అవతల కూర్చున్న మనిషి గుండెల్లో ఏముంటుందో ఆయనకు బొత్తిగా తెలియదు. పాండురంగం అప్పుడే తలుపులు తీసి, గడప ముందు నీళ్ళు చల్లి, తక్కెడకు అగరుబత్తి తిప్పి, కళ్ళకద్దుకుని గద్దె మీద కూర్చున్నాడు. ఇంకా బోణీ కాలేదు. సరిగ్గా ఆ క్షణంలో గుబురు మీసాల నిండు మనిషి మెట్లెక్కి వచ్చి బెల్లం బస్తా మీద చతికిలబడ్డాడు. పాండురంగం ముఖం వెలిగిపోయింది. తూకం పట్టే నర్సన్న కూడా ఉత్సాహంగా తక్కెడ అందుకున్నాడు. బెల్లమా, చింతపండా, మిరపకాయలా, ఏం కావాలన్నారు.

నరసరాజు తన పేరు చెప్పి, ఏమీ వద్దండి, ఊరికే మాట్లాడదామని వచ్చానన్నాడు.

గంజ్‌లో ఆ మాట పొద్దున్నే అనకూడదు. మొదట వచ్చిన గిరాకీ ఉత్త చేతులతో మెట్లు దిగితే ఆ రోజంతా అంతే అని అక్కడి వాళ్ళ నమ్మకం. నష్టానికైనా ఏదో ఒకటి అంటగడతారు గాని, పోనివ్వరు. పాండురంగం ముఖంలో రంగు మారింది. బెల్లం ధర తగ్గించాడు. నరసరాజు నవ్వి, తీపి పడదన్నాడు. చింతపండు ధర ఇంకా తగ్గించాడు. మా ఇంట్లో ఉందండి అన్నాడు నరసరాజు. అడక్కుండానే ధరలు ఇలా పడిపోతుంటే, అబ్బ, ఈ ప్రాంతం వాళ్ళకు ఎంత మర్యాద అని ఆయన మనసులో మురిసిపోతున్నాడు. ఇక చాలు, మధ్యాహ్నం వస్తానని లేచేసరికి పాండురంగం గద్దె దిగి అడ్డం నిలబడ్డాడు.

"రాజు సాబ్, మీకు దండం పెడ్త. ఏదన్న ఒకటి అడుగుండ్రి. ఏదడిగితే గది ఇస్త. ఉత్త చేతులతోని మెట్లు దిగొద్దు."

నరసరాజు ఒక్క క్షణం ఆలోచించాడు. వచ్చిన పని అదే కదా.

"అయితే మీ అబ్బాయిని ఇవ్వండి."

నర్సన్న చేతిలో తక్కెడ గలగలలాడింది. పాండురంగం నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు. బస్తాల వెనక చింతపండు పిక్కలు ఏరుతున్న ప్రహ్లాద్ తల ఒక్కసారి పైకి లేచి, మళ్ళీ భయపడి కిందికి దిగింది. నరసరాజు ఫ్యాక్టరీ, ఉద్యోగం, జట్టు అన్నీ ఏకరువు పెట్టాడు. పాండురంగం తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు. నలుగురికి జీతం ఇచ్చే ఇంట్లో పుట్టినవాడు ఒకరి దగ్గర నౌకరీ చెయ్యడమేమిటన్నాడు. బంతులెగరేస్తే జీతమిచ్చే ఫ్యాక్టరీ ఎన్నాళ్ళు నడుస్తుందని కూడా అడిగాడు. అంతలో లోపలి గుమ్మం వెనక నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. ఆయన భార్య సరస్వతి.

"ఏదడిగితే గది ఇస్తనంటివి కద. నేను ఇన్న. నర్సన్న ఇన్నడు. బోణీ కాడ మాట తప్పుతవా?"

సరస్వతికి కొడుకు సంగతి తెలుసు. ఆ పిల్లవాడు గద్దె మీద కూర్చున్నంతసేపూ కాళ్ళు కింద ఆడుతూనే ఉంటాయి. ఇక పాండురంగం పని కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. మాట తప్పితే బోణీ చెడుతుంది, ఇస్తే కొడుకు పోతాడు. చాలాసేపు తల పట్టుకుని కూర్చుని, చివరికి వ్యాపారి మేలుకున్నాడు. బోణీకి నష్టానికైనా ఇస్తాం గాని ఉత్తగా ఇవ్వడం లేదన్నాడు. ఆదివారం ఊళ్ళ నుంచి జనం ఎగబడతారు, వాడు పోతే వాడి చోట ఎవరు కూర్చుంటారని నిలదీశాడు. నరసరాజు వెనకాముందు చూడకుండా నేను కూర్చుంటానండి అనేశాడు. బేరం తెగింది. నర్సన్న ఆనవాయితీ ప్రకారం తక్కెడను ఒకసారి తట్టి దించాడు.

ఆ రాత్రి ఈ సంగతి విన్న బుల్లెమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఏమండీ, కుర్రాణ్ణి కొనుక్కోవడానికి మిమ్మల్ని మీరు అమ్ముకొచ్చారా అంది.

అలా ప్రహ్లాద్ ఫ్యాక్టరీకి వచ్చాడు. స్టోర్సులో పని, చిట్కుల్‌లో నలుగురు కార్మికులతో కలిసి కిరాయి గది, రెండు పూటలా బుల్లెమ్మ చేతి భోజనం. ఆదివారాలు పొద్దున జట్టును పెద్దరాములుకు అప్పగించి, నరసరాజు సంగారెడ్డి వెళ్ళి చింతపండు తూచేవాడు. గంజ్‌లో ఆయన బాగానే అతికాడు. ఆ మీసం చూసి బేరమాడేవాళ్ళు తగ్గారని పాండురంగం కూడా ఒప్పుకున్నాడు.

కానీ కోర్టులో కథ మారలేదు. ప్రాక్టీసులో ప్రహ్లాద్ ఆట చూడటానికి షిఫ్టు దిగిన వాళ్ళు సైకిళ్ళు ఆపి నిలబడేవారు. మ్యాచ్ అంటే మాత్రం అదే వరస, ఒకనాడు పులి, ఒకనాడు పిల్లి. ఒక కాలేజీ జట్టును ఉతికి ఆరేశాడు. తర్వాతి వారం బడిపిల్లల జట్టు మీద ఒకసారి విసిరి, తప్పి, చేతులు ముడుచుకున్నాడు. ఎందుకురా విసరవు అని నరసరాజు అడిగితే నేల చూపులు చూస్తూ నీళ్ళు నమిలేవాడు. ఒక సాయంత్రం వెంకటరామయ్యగారు టేపు పట్టుకున్న మనిషిని వెంటబెట్టుకుని వచ్చి కోర్టు పొడవూ వెడల్పూ కొలిపించుకుని వెళ్ళాడు.

పోటీలు దగ్గర పడ్డాక ఒక ఆదివారం గంజ్‌లో ఆయనకు గుట్టు దొరికింది. ఆ రోజు మొదట వచ్చిన గిరాకీ మల్లవ్వ అనే ముసలమ్మ. మిరపకాయలు విరిచి చూసి, వాసన చూసి, తుమ్మి, బాగాలేవని పెదవి విరిచి, ఎంత తగ్గిస్తామన్నా ఆగకుండా మెట్లు దిగిపోయింది. పాండురంగం నుదురు కొట్టుకున్నాడు. బోణీ మంటగలిసిందన్నాడు. అప్పటి నుంచి ఆయన ముఖం చూడాలి. వచ్చిన వాళ్ళను పలకరించలేదు. తక్కెడ తాడు చిక్కుపడితే మల్లవ్వను తిట్టాడు, పిల్లి ఎదురొస్తే మల్లవ్వను తిట్టాడు. ఆ మాడిన ముఖం చూసి గిరాకీలు పక్క దుకాణానికి మళ్ళారు. చూశారా, బోణీ పాడైతే ఇంతే అని నరసరాజు వైపు తిరిగి నిట్టూర్చాడు.

నరసరాజు ఆ ముఖాన్ని రెప్ప వేయకుండా చూశాడు. ఆ ముఖం ఆయనకు తెలుసు. మొదటి బంతి తప్పాక ప్రహ్లాద్ ముఖం అచ్చం ఇదే. కుర్రాడికి చేయి వణకడం లేదు, కన్ను మసకలేదు. వాడికి మొదటి బంతి బోణీ. అది పడితే ఆ రోజు దుకాణం కళకళ, అది తప్పితే ఇక ఏం విసిరినా దండగ. నరసరాజుకు ఎగిరి గంతేయాలనిపించింది. బోణీ పాడైతే మందేమిటని ఆత్రంగా అడిగాడు. ఆదివారం తలుపు మూస్తే ఉన్న గిరాకీ కూడా పోతుంది గాని అంటూ పాండురంగం నీరసంగా చెప్పాడు. తలుపులు ఒకసారి మూసి, చేతులు కడుక్కుని, అగరుబత్తి వెలిగించి మళ్ళీ తెరిస్తే కొత్త దుకాణం కిందే లెక్క, మళ్ళీ బోణీ చేసుకోవచ్చు.

నరసరాజు తిరుగు బస్సులో ఒక్కడే నవ్వుకుంటూ వచ్చాడు. కండక్టర్ రెండుసార్లు వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగి వెళ్ళాడు.

పోటీ రోజు అమావాస్య. అమావాస్యకు గంజ్ బందు కాబట్టి, పాండురంగం, సరస్వతి కొడుకు ఆట చూడటానికి మొదటిసారి వచ్చారు. వాళ్ళకు ముందు వరసలో కుర్చీలు వేశారు. గేటు దగ్గర, గోడల మీద, సైకిళ్ళ మీద ఎక్కడ చూసినా జనమే. ఆట మొదలైంది. ప్రహ్లాద్ మొదటి బంతి విసిరాడు. అది రింగుకు తగిలి బయటికి వచ్చింది. నరసరాజు దీని కోసమే కాచుకుని ఉన్నట్టు చెయ్యెత్తి, అతన్ని పిలిపించి, వేరొకణ్ణి పంపాడు. చెంబులో నీళ్ళతో చేతులు కడిగించాడు. జేబులోంచి అగరుబత్తి తీసి వెలిగించి ఆ చేతుల చుట్టూ తిప్పాడు. దుకాణం మళ్ళీ తెరిచాంరా, పో అని లోపలికి తోశాడు. జనానికి ఏమీ అర్థం కాలేదు. బిస్కెట్ల జట్టు ఆట ఆపి గుడ్లప్పగించి చూసింది.

ప్రహ్లాద్ రెండో బోణీ చేశాడు. అదీ తప్పింది. మళ్ళీ చెంబు, మళ్ళీ అగరుబత్తి. మూడోది బోర్డుకు కూడా తగల్లేదు. ఈసారి చెంబు కనబడగానే జనం చప్పట్లు కొట్టారు. గోడ మీద వాళ్ళు కొబ్బరికాయ కూడా కొట్టమని కేకలేశారు. రిఫరీ విజిల్ నోట్లోంచి తీసి, ఆట కావాలా పూజ కావాలా తేల్చుకోమన్నాడు. ఇంకొకసారి చెంబు కనిపిస్తే ఎదుటి జట్టుకు పాయింట్లు ఇస్తానన్నాడు. నరసరాజు అగరుబత్తి ఆర్పేశాడు. ఆయన చేతిలో ఇక ఏ మందూ లేదు.

తర్వాత జరిగింది చూడలేకపోయాడు. ప్రహ్లాద్ బంతి తెస్తాడు, పెద్దరాములుకు ఇవ్వాలని చూస్తాడు. ఇతను విసరడని బిస్కెట్ల వాళ్ళకు అర్థమైపోయింది. ఇతన్ని గాలికి వదిలేసి ఇద్దరు ముగ్గురు కలిసి పెద్దరాములు చుట్టూ గోడ కట్టారు. పాయింట్ల తేడా పెరిగిపోతోంది. వెంకటరామయ్యగారు రుమాలుతో నుదురు తుడుచుకుంటున్నాడు. ఆయనకూ బాధగానే ఉంది, కానీ లెక్క లెక్కే. నరసరాజు కోర్టు నేల వైపు చూశాడు. ఎండలో సిమెంటు కలిపిన రోజులు గుర్తొచ్చాయి. విశ్రాంతి అడిగి జట్టును పక్కకు పిలిచాడు.

అప్పుడు పాండురంగం లేచి వచ్చాడు. ఆట తెలియని మనిషి అయినా బేరం తెలిసిన కళ్ళు ఆయనవి. మా వాడి దగ్గరికి ఎవడూ వస్తలేడు, బంతి చేతిలో ఉంది, ఎదురుగా బుట్ట ఉంది, మరి ఎందుకు వేస్తలేడని అడిగాడు. నరసరాజు దాచలేదు. మీ వాడి బోణీ పాడైందండి, మూడుసార్లు తెరిచినా పాడైంది అని ఉన్నమాట చెప్పేశాడు. పాండురంగం చెప్పులతోనే కోర్టులోకి నడిచి కొడుకు ముందు నిలబడ్డాడు. అందరూ చెంపదెబ్బ పడుతుందనుకున్నారు.

"బోణి పాడైతే దుకాణం బందు పెడ్తమారా? తలుపేసి తెరుసుడు మనసు నిమ్మలం కోసం. అది గాకున్న గద్దె దిగం. గీ రాజు సాబ్ మెట్లెక్కిన నాడు నా బోణి ఏమాయె? చేతికందిన కొడుకును తూకం లేకుంట ఇచ్చిన. గంతకన్న పాడు బోణి నా జన్మల లేదు. గానాడు సుత పొద్దుగూకేదాక కూసున్న. వచ్చినోళ్ళందరికి తూచిన. నువ్వు ఒక్క బంతి పోయిందని చేతులు కట్టుకుంటవా?"

ప్రహ్లాద్ కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఆటలోకి వెళ్ళాడు.

బంతి చేతికి రాగానే విసిరాడు. తప్పింది. జనం ఉసూరుమన్నారు. ప్రహ్లాద్ తండ్రి వైపు చూశాడు. పాండురంగం కుర్చీలో కూర్చుని, పోయిన గిరాకీని పోనిచ్చి వెనకున్న వాణ్ణి రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ప్రహ్లాద్ మళ్ళీ విసిరాడు. ఈసారి పడింది. గోడలు కూలిపోతాయేమో అన్నంతగా అరిచారు. తర్వాత తప్పినవీ ఉన్నాయి, పడినవీ ఉన్నాయి, కానీ అతను ఏదీ లెక్కపెట్టడం మానేశాడు. విసురుతూనే ఉన్నాడు. బుల్లెమ్మ కుర్చీ ఎక్కి నిలబడింది. సరస్వతి ఆమె కొంగు పట్టుకుని తనూ ఎక్కింది. టేపు పట్టుకుని కోర్టు కొలిచిన మనిషి కూడా, తనెవరో మరిచిపోయి, పక్కవాడి వీపు వాయించేస్తున్నాడు.

ఆఖరికి ఒక్క పాయింటు వెనక. విజిల్ పడబోతోంది. బంతి ప్రహ్లాద్ దగ్గర ఉంది. మొదట అతన్ని గాలికి వదిలేసిన వాళ్ళు ఈసారి ముగ్గురూ మీద పడ్డారు. వాళ్ళ చేతుల మీదుగా దూరం నుంచి విసిరాడు. బంతి ఆ వాలిన రింగు అంచున ఒకసారి తిరిగి బయటికి ఒరిగింది. తప్పింది. కానీ ఇప్పుడు పెద్దరాములు చుట్టూ గోడ లేదు. ఒక్కడే నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ చాపి, పడబోయే బంతిని అలా లోపలికి నెట్టేశాడు.

ఇక ఎవరు ఎవరిని ఎత్తుకున్నారో తెలియదు. వెంకటరామయ్యగారిని కూడా గాల్లోకి ఎత్తేశారు. పైనుంచే ఆయన, సైకిల్ స్టాండ్ క్యాంటీన్ వెనక వేయిస్తాను, నన్ను దించండి అని బతిమాలాడు. నరసరాజు కోర్టు మధ్యలో కూతుళ్ళిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని, ఏ తాళమూ లేకుండా చిందులు వేశాడు. ఆయనకు అప్పుడు నలభై దాటింది, కానీ ఆ సాయంత్రం ఎవరూ నమ్మేవారు కాదు.

సందడి కాస్త తగ్గాక పాండురంగం ఆయన పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా కార్మికుల భుజాల మీద ప్రహ్లాద్ ఊరేగుతున్నాడు. తండ్రి కళ్ళు అక్కడే ఉన్నాయి.

"ఇన్నేండ్లు గద్దె మీద కూసోబెడితే రాంది, ఇయ్యాల వచ్చింది వీనికి. ఇగ వీడు దుకాణం నడిపే మనిషి, రాజు సాబ్."

నరసరాజు చిందులు అక్కడే ఆగిపోయాయి. ఆ మాట నిజం. తండ్రికి కొడుకు ఈ రోజే పనికొచ్చాడు. ఇంతకాలం అక్కరకు రాని కొడుకును తెచ్చుకుని, తీరా చేతికొచ్చాక ఇవ్వనంటే అది ఏ న్యాయం. మీసం మీద చెయ్యి వేసి, దించి, చివరికి అడిగేశాడు.

"తీసుకెళ్ళిపోతారాండి?"

భుజాల మీంచి కొడుకు పాండురంగాన్ని చూసి చెయ్యి ఊపాడు. ఆయన కూడా చెయ్యెత్తాడు. ఆ చెయ్యి దించి, కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"అమ్మిన సరుకు వాపస్ తీసుకునే అలవాటు మా దుకాణంల లేదు."

నరసరాజు ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, జనం కోర్టు ఖాళీ చేసి వెళ్ళే దాకా అలాగే నిలబడిపోయాడు.